429 కోట్ల సంఖ్యను కాగితం మీద విప్పడం ఎలా

పెద్ద సంఖ్య కనపడగానే 2తో పోతుందా, 3తో పోతుందా అంటూ భాగహారాలు మొదలుపెట్టేస్తాం. అలా చేయకండి. ముందు ఆ సంఖ్య ఎలా పుట్టిందో కనుక్కోండి. పుట్టుక తెలిస్తే, దాన్ని భాగించే అర్హత ఏ సంఖ్యలకు ఉందో, వేటికి లేదో భాగహారం చేయకముందే చాలావరకు తెలిసిపోతుంది. నేను తెనాలిలో హైస్కూలు, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ప్రతి బ్యాచ్‌కూ ఈ విషయం చెప్పకుండా వదలను. అందుకు నేను తీసుకునే సంఖ్య ఎప్పుడూ ఒకటే: 4294967297.

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ఒక్కసారి పైకి చదవండి. నోట్లో పలికిన సంఖ్య మీద భయం కొంత తగ్గుతుంది, ఇది పిల్లల దగ్గర నేను ప్రతిసారీ చూస్తున్నదే.

కావలసినవి ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను, కొట్లో వాడే 12 అంకెల కాలిక్యులేటర్. కాలిక్యులేటర్ సరిచూసుకోవడానికి మాత్రమే. ఫోన్‌ని అడిగితే కారణాంకాలు క్షణంలో చూపిస్తుంది. అవే ఎందుకు వచ్చాయో మాత్రం మనమే కనుక్కోవాలి.

పుట్టుక

2ను వర్గం చేయండి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేయండి. అలా పోతే 2, 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఒక్కోదానికి ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65537, 4294967297. మన సంఖ్య ఇందులో ఆరోది. ఘాతాల్లో రాస్తే 2³² + 1.

ఇందులో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. అది చూసే 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. నిరూపణ ఆయన దగ్గర లేదు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఈ సంగతి గురించి ఆయిలర్‌కు ఉత్తరం రాశాడు. 1732లో ఆయిలర్ ఆరో సంఖ్యకు ఒక కారణాంకం చూపించాడు. అది 641. ఇప్పుడు మనం నడవబోయేది దాదాపు అదే దారి.

దానికి ముందు పక్కింటి సంఖ్యలను పలకరించాలి. ఒకటి తక్కువైన 4294967296 కంప్యూటర్ చదివినవాళ్లకు బాగా తెలుసు, 32 బిట్లతో అన్ని సంఖ్యలే రాయగలం. రెండు తక్కువైన 4294967295 ఇంకా అందమైనది: 3 × 5 × 17 × 257 × 65537. అంటే వరుసలో ముందున్న ఐదింటి లబ్ధం. మన సంఖ్య దానికంటే 2 ఎక్కువ కాబట్టి ఆ ఐదింట్లో దేనితో భాగించినా శేషం 2 వస్తుంది. ఒక్క భాగహారం చేయకుండా ఐదు ప్రధాన సంఖ్యలు పక్కకు పోయాయి.

ఇప్పుడు మామూలు పరీక్షలు రెండు. అంకెల మొత్తం 59, కాబట్టి 9తో శేషం 5. కుడివైపు నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే −17 వస్తుంది, కాబట్టి 11తో శేషం 5. ఈ రెండు శేషాలనూ నోట్‌బుక్ మార్జిన్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

భాగించే అర్హత ఎవరికి?

అసలు పని ఇక్కడ ఉంది. తొందర పడకండి.

ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ను నిశ్శేషంగా భాగిస్తోందనుకుందాం. అప్పుడు ఆ ప్రధాన సంఖ్యతో చూస్తే 2³²కు శేషం −1 (భాజకం కంటే ఒకటి తక్కువ అన్నదాన్నే −1 అని రాసుకుంటున్నాం). వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. 2 ఘాతాల శేషాలు గడియారం ముల్లులా తిరుగుతాయి. 1 దగ్గరికి రాగానే మళ్లీ మొదటినుంచి అదే వరుస. 64 దగ్గర 1 వచ్చింది కాబట్టి చుట్టు పొడవు 64ను భాగించే సంఖ్య అయి ఉండాలి. కాని 64ను భాగించే మిగతా చిన్న సంఖ్యలన్నీ 32నూ భాగిస్తాయి. చుట్టు అంత చిన్నదైతే 32 దగ్గరా 1 రావాలి. అక్కడ వచ్చింది −1. కాబట్టి చుట్టు పొడవు సరిగ్గా 64.

ఇక్కడ ఫెర్మా చిన్న సిద్ధాంతం తోడు వస్తుంది. 2ను, బేసి ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి హెచ్చిస్తే, ఆ ప్రధాన సంఖ్యతో శేషం 1. అంటే ప్రధాన సంఖ్య నుంచి 1 తీసేస్తే మిగిలేది 64తో పోయి తీరాలి. 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలకు తప్ప ఇంక దేనికీ మన సంఖ్యను భాగించే అర్హత లేదు. 7, 11, 13, 19, 23... అన్నీ ఒక్క వాక్యంతో వెళ్లిపోయాయి.

1878లో లూకా ఈ ఫలితాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. అది చేత్తో చేసుకోవడం నాకు చాలా ఇష్టం. 2²⁴ నుంచి 2⁸ తీసేసి వర్గం చేయండి:

2⁴⁸ − 2 × 2³² + 2¹⁶

మొదటి పదం, చివరి పదం కలిపితే 2¹⁶ × (2³² + 1), దానికి శేషం 0. మధ్య పదంలో 2³² అంటే −1, కాబట్టి −2 × (−1) = 2. అంటే 2²⁴ − 2⁸ అనే సంఖ్య వర్గానికి శేషం 2. శేషాల లోకంలో అది 2కు వర్గమూలం అన్నమాట. దాని 64వ ఘాతం 2³², శేషం −1. 128వ ఘాతం శేషం 1. ఇంతకుముందు చేసిన వాదనే మళ్లీ చేస్తే ఈ వర్గమూలం చుట్టు పొడవు సరిగ్గా 128. కాబట్టి 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలపాలి.

ఇప్పుడు జాబితా రాయండి: 129, 257, 385, 513, 641. 129ని 3 భాగిస్తుంది, 385ని 5, 513ని 3. 257 ముందే పోయింది. ప్రయత్నించాల్సిన మొదటి సంఖ్యే 641. చిన్న ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ వచ్చేవాళ్లకు 641 అనేది 116వ ప్రధాన సంఖ్య. 116 భాగహారాలకూ ఒక్కదానికీ ఉన్న తేడాను పిల్లలు తమ నోట్‌బుక్‌లో తామే చూడాలన్నది నా కోరిక.

శేషాలతో మెట్లెక్కడం

641తో భాగించడానికి పది అంకెల సంఖ్యను ఎదురుగా పెట్టుకోనక్కర్లేదు. వర్గాలు చేసుకుంటూ, ఎప్పటికప్పుడు శేషం తీసుకుంటూ పోవాలి.

2⁸ = 256.
2¹⁶ = 65536. అందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154.
2³² అంటే 154 వర్గం, 23716. 641 × 37 = 23717. కాబట్టి శేషం −1.

−1కి 1 కలిపితే 0. పోయింది! ఇక్కడ క్లాసులో ఎప్పుడూ ఒక చిన్న కేక వినపడుతుంది.

ఇంత కూడా లెక్క చేయకుండా చూపించే దారి ఒకటి ఉంది. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1, 5⁴ + 2⁴. మొదటి రూపం చెప్పేది: 5 × 2⁷ శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండో రూపం చెప్పేది: 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² శేషం 1. అంతే, 2³² శేషం −1.

భాగిస్తే 6700417 వస్తుంది. మార్జిన్‌లో రాసుకున్న శేషాలను ఇప్పుడు తీయండి. 9తో చూస్తే 641కి 2, 6700417కి 7, లబ్ధం 14, అంటే 5. సరిపోయింది. 11తో చూస్తే 3, 9, లబ్ధం 27, అంటే 5. ఇదీ సరిపోయింది. గుణకారం మళ్లీ చేయకుండానే తప్పు దొర్లలేదన్న ధైర్యం చాలావరకు వస్తుంది.

మిగిలిన 6700417 ప్రధాన సంఖ్యేనా అన్నది తేల్చాలి. పుట్టుక ఇక్కడ కూడా పనికొస్తుంది: దీని కారణాంకాలు మన సంఖ్యకూ కారణాంకాలే కాబట్టి వాటికీ అదే నియమం. వర్గమూలం 2588 దాటి కొంచెం. అంతవరకు 128 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257 సంగతి తెలిసిందే. మిగతావాటితో శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. నాలుగు భాగహారాలతో 67 లక్షల సంఖ్య ప్రధాన సంఖ్య అని రుజువైంది. రుజువైంది అనే మాటను తెలిసే వాడుతున్నాను. ఇది అంచనా కాదు.

రెండు వర్గాల మొత్తం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 4 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా. 641 = 25² + 4² అని చూస్తూనే చెప్పవచ్చు. మరి 6700417కి?

వర్గాలు ఒక్కొక్కటే తీసేస్తూ వెతకవచ్చు, కాని దానికంటే మంచి దారి ఉంది. మన సంఖ్య 65536² + 1. అంటే 65536 వర్గానికి శేషం −1. ఈ సమాచారం చేతిలో ఉంటే గ.సా.భా. కనుక్కునే భాగహార పద్ధతే చాలు, ఆరో తరగతి నుంచి చేస్తున్నదే. 6700417ను 65536తో భాగించి, భాజకాన్ని శేషంతో, మళ్లీ శేషాన్ని శేషంతో భాగించుకుంటూ పోండి:

6700417 = 102 × 65536 + 15745
65536 = 4 × 15745 + 2556
15745 = 6 × 2556 + 409

వర్గమూలమైన 2588 కంటే శేషం తగ్గగానే ఆగాలి. అలా తగ్గిన మొదటి శేషం 2556, దాని తర్వాతది 409. వర్గాలు చేయండి: 6533136 + 167281 = 6700417.

641తోనూ ఇదే చేయండి. 65536కు 641తో శేషం 154 అని ముందే చూశాం. 641 = 4 × 154 + 25. 154 = 6 × 25 + 4. వచ్చినవి 25, 4. పైన 4, 6 అని భాగఫలాలు వచ్చిన చోటే ఇక్కడా 4, 6 వచ్చాయి. ఒకే సంఖ్యలోంచి విడిపోయిన రెండు ముక్కలు లోపల ఒకే లెక్కను మోస్తున్నాయి. నేను దీన్ని బోర్డు మీద పక్కపక్కనే రాస్తాను, పిల్లలే గమనించేదాకా ఆగుతాను.

ఇప్పుడు రెండింటినీ కలపాలి. రెండు వర్గాల మొత్తాన్ని ఇంకో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా. ఏడో శతాబ్దపు మన బ్రహ్మగుప్తుడి పేరు ఈ సూత్రానికి ఉంది. 25, 4 ఒక జత. 2556, 409 ఇంకో జత.

25 × 2556 + 4 × 409 = 63900 + 1636 = 65536
25 × 409 − 4 × 2556 = 10225 − 10224 = 1

ఇది మనకు తెలిసిన జతే, 65536² + 1². ఇక గుర్తులు మార్చండి:

25 × 2556 − 4 × 409 = 62264
25 × 409 + 4 × 2556 = 20449

అంటే 4294967297 = 62264² + 20449². కాలిక్యులేటర్‌లో చూసుకోండి: 3876805696 + 418161601. ప్రధాన సంఖ్యకు ఇలా రెండు రకాలు రావు. కాబట్టి ఈ రెండో జత ఒక్కటి చేతికి దొరికినా చాలు, సంఖ్య సంయుక్త సంఖ్య అని తేలిపోతుంది. తేలడమే కాదు, కారణాంకాలు కూడా రాలతాయి: 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448. ఈ రెండింటి గ.సా.భా. 8. వాటిని 8తో భాగిస్తే 409, 2556. వాటి వర్గాల మొత్తమే 6700417.

ఒక్క పరీక్షను నమ్మకండి

ఇంటర్నెట్‌లో ప్రధాన సంఖ్యల పరీక్ష అని తరచూ కనిపించేది ఇది: 2ను, సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి, శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య. మన సంఖ్యకు ఆ పరీక్ష పెట్టండి. 2⁶⁴కు 4294967297తోనే శేషం 1. ఒకటి తక్కువ ఘాతం 2³², అది 64 గుణిజం. కాబట్టి శేషం 1. సంయుక్త సంఖ్య హాయిగా పాసైపోయింది. శేషం 1 రాకపోతే ప్రధాన సంఖ్య కాదని ఖాయంగా చెప్పవచ్చు, వస్తే మాత్రం ఏదీ ఖాయం కాదు. 2 ఘాతాల్లోంచి పుట్టిన సంఖ్యను 2తోనే పరీక్షించకూడదు.

3తో పెట్టండి. 641తో 3 ఘాతాల శేషాలు వర్గాలు చేసుకుంటూ పోతే 9, 81, 151, 366, −13, 169, 357. చివరిది 3¹²⁸. 640 = 128 × 5 కాబట్టి 357 చుట్టు పొడవు 1 గాని 5 గాని కావాలి. శేషం 1 కాదు కనుక 5. ఇంకా ఎన్నిసార్లు వర్గం చేసినా ఘాతం 2 గుణకాలతోనే పెరుగుతుంది, 5 గుణిజం ఎన్నడూ కాదు. కాబట్టి 1 రాదు, పరీక్ష తప్పింది. ఫెర్మా వరుస సంఖ్యలకు 3తోనే చేసే కచ్చితమైన పరీక్షను 1877లో పెపిన్ ఇచ్చాడు. ఏ సంఖ్యకైనా తప్పకుండా పనిచేసే వేగమైన పద్ధతి 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చింది. అగ్రవాల్, కయాల్, సక్సేనా ముగ్గురి పని అది. చేత్తో చేసేది కాదు గాని, మన దేశంలో పుట్టింది కనుక పిల్లలకు ఆ పేర్లు చెబుతాను.

ప్రోగ్రామ్ రాసి చూద్దామనుకునే ఇంజనీరింగ్ పిల్లలకు ఒక హెచ్చరిక. గుర్తులేని 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 4294967295. మన సంఖ్యను అందులో పెడితే మిగిలేది 1. తర్వాత ఏ లెక్క చేసినా అది 1 మీదే చేస్తుంది, ఎర్రర్ కూడా చూపకపోవచ్చు. 64 బిట్ల రకం వాడండి.

చివరి లెక్కలు

కారణాంకాలు తెలిశాక మిగతావి త్వరగా అయిపోతాయి. భాజకాలు నాలుగు: 1, 641, 6700417, 4294967297. వాటి మొత్తం 642 × 6700418 = 4301668356. 1 నుంచి 4294967297 దాకా, దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి 640 × 6700416 = 4288266240. ఈ చివరిదాన్ని ఎవరైనా మీకు ముందే చెప్పేస్తే కారణాంకాలు దాగవు: 4294967298 లోంచి దాన్ని తీసేస్తే 6701058, అది రెండు కారణాంకాల మొత్తం. మొత్తం, లబ్ధం తెలిస్తే వర్గ సమీకరణం పదో తరగతి లెక్క. బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఈ లెక్కను రహస్యంగా ఉంచేది అందుకే.

జ్యామితి వైపు ఒక మాట. స్కేలు, వృత్తలేఖినితో ఏ క్రమ బహుభుజులు గీయవచ్చో ఈ వరుసే నిర్ణయిస్తుందని గాస్ కనిపెట్టాడు, 1796లో 17 భుజాలదానితో మొదలుపెట్టి. 4294967297 భుజాలది గీయలేం. రెండు తక్కువ, 4294967295 భుజాలది మాత్రం సూత్రరీత్యా గీయవచ్చు, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల (అంటే ఈ వరుసలోని ప్రధాన సంఖ్యల) లబ్ధం కనుక.

మీ చేత్తో చేయడానికి ఇప్పుడు వరుసలో తర్వాతది తీసుకోండి: 2⁶⁴ + 1, అంటే 18446744073709551617. దీనికి 256 గుణిజానికి ఒకటి కలిపినవే పనికొస్తాయి. ఎందుకో పైన చేసిన వాదనను మీరే మళ్లీ రాసి చూడండి. 1880లో లాండ్రీ దీన్ని విప్పాడు. చిన్న కారణాంకం 274177, అంటే 256 × 1071 + 1. మెట్లు ఇవి: 2³²కు శేషం −15409. దాని వర్గం 237437281. 274177 × 866 దానికంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. తర్వాత 274177ను 15409తో భాగిస్తూ వర్గమూలం కిందికి, అంటే 523 లేదా అంతకు తక్కువకు, శేషం వచ్చేదాకా దిగండి. 516, 89 వస్తే సరిగ్గా చేసినట్టే.